పాస్‌వర్డ్ అడిగే ఫైళ్లను స్క్విడ్ ఎందుకు క్యాష్ చేయదు?

తిరుపతిలో మీ కాలేజీ ల్యాబ్‌లో అందరూ అదే పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తున్నా, పాస్‌వర్డ్ ఉన్న సర్వర్ కావడంతో స్క్విడ్ (ఫైళ్ల కాపీలు దాచి మళ్లీ ఇచ్చే ప్రాక్సీ సర్వర్) లాగ్‌లో ప్రతిసారీ మిస్ అనే, అంటే దాచిన కాపీ లేదనే వస్తోంది, అదే కదా మీ బాధ. స్క్విడ్ తప్పేం లేదండీ. రిక్వెస్ట్‌లో ఆథరైజేషన్ హెడర్ (పాస్‌వర్డ్ వివరాలు మోసే లైను) ఉంటే ఆ జవాబును నలుగురూ వాడే క్యాష్‌లో దాచకూడదన్నది హెచ్‌టీటీపీ నియమం, సర్వరే క్యాష్-కంట్రోల్‌లో (జవాబును ఎలా దాచాలో చెప్పే హెడర్) పబ్లిక్ అనో, మస్ట్-రీవ్యాలిడేట్ అనో, ఎస్-మ్యాక్స్ఏజ్ అనో చెబితే తప్ప (2022 నాటి హెచ్‌టీటీపీ క్యాషింగ్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9111 చూడండి). లేకపోతే ఒకరి మార్కుల లిస్టు ఇంకొకరికి కనిపిస్తుంది.

కాబట్టి మార్చాల్సింది సర్వర్‌లో. ఆ పీడీఎఫ్‌లున్న ఫోల్డర్‌కి క్యాష్-కంట్రోల్‌లో పబ్లిక్, మ్యాక్స్-ఏజ్=0, మస్ట్-రీవ్యాలిడేట్ మూడూ కలిపి పంపించండి. అప్పుడు స్క్విడ్ కాపీ దగ్గర పెట్టుకుంటుంది, కానీ ఎవరు అడిగినా వాళ్ల పాస్‌వర్డ్‌తోనే సర్వర్‌ని ఓసారి కనుక్కుంటుంది. పాస్‌వర్డ్ సరైనదై, ఫైలు మారకపోతే చిన్న 304 (మారలేదు) జవాబు వస్తుంది, ఫైలు మళ్లీ లైన్ మీద రాదు, పాస్‌వర్డ్ తప్పైతే 401 (అనుమతి లేదు). ఫైలుకి లాస్ట్-మాడిఫైడ్ (ఎప్పుడు మారిందో చెప్పే హెడర్) ఉండాలి, మామూలు ఫైళ్లకు ఎలాగూ ఉంటుంది.

పాత పోస్టుల్లో కనిపించే ఇగ్నోర్-ఆత్ (ఆథరైజేషన్‌ని పట్టించుకోకుండా దాచమనే స్క్విడ్ సెట్టింగ్) జోలికి పోకండి, కొత్త స్క్విడ్‌లో దాన్ని తీసేశారు కూడా. మ్యాగ్జిమమ్ ఆబ్జెక్ట్ సైజ్ (స్క్విడ్ దాచే ఒక్కో ఫైలుకి పరిమితి) మాత్రం పెంచండి, డిఫాల్ట్ 4 ఎంబీయే, స్కాన్ చేసిన నోట్సు అందులో ఎక్కడ పడుతుంది!

సైట్ హెచ్‌టీటీపీఎస్ అయితే మాత్రం ఇదంతా పనిచేయదు, లోపల ఏం వెళ్తుందో స్క్విడ్‌కి కనిపించదు. సర్వర్ మీదే అయితే క్యాంపస్‌లోనే దానికి రివర్స్ ప్రాక్సీ (సర్వర్ ముందు నిలబడి దాని తరఫున జవాబిచ్చే ప్రాక్సీ) పెట్టి, సర్టిఫికెట్ అక్కడ ఉంచండి.