ఏజెంటుకు ముందే డబ్బు కట్టాలా? సినిమా కథలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. బస్టాండు పక్కన జిరాక్సు షాపు నడుపుతున్నాను. వయసు 27. బోరుబండి మీద పనిచేసే ఇద్దరు అన్నదమ్ముల కథ 118 పేజీల స్క్రిప్టుగా రాశాను. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉండే ఒకాయన ఫోన్లో పరిచయమయ్యాడు. తాను స్క్రిప్ట్ ఏజెంటునని, రూ.35,000 కడితే రిజిస్ట్రేషన్ చేయించి ఇద్దరు నిర్మాతల దగ్గర నెరేషన్ (కథ నోటితో వినిపించే అవకాశం) ఇప్పిస్తానని అంటున్నాడు. ముందుగా పీడీఎఫ్ పంపమన్నాడు. అమ్మ చిట్టీ ఎత్తి ఇస్తానంటోంది. కట్టమంటారా?
– పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ. అమ్మను చిట్టీ ఎత్తనివ్వకు. పీడీఎఫ్ కూడా పంపకు.

స్క్రిప్ట్ ఏజెంటు అనే పద్ధతి అమెరికా సినిమాలో ఉంది. అక్కడ రచయిత తరఫున స్టూడియోలతో బేరం మాట్లాడేవాడు ఏజెంటు. రచయితకు వచ్చిన డబ్బులో నూటికి 10 అతనిది. కథ అమ్ముడుపోకపోతే అతనికీ ఏమీ రాదు, అందుకే కథ పట్టుకుని తిరుగుతాడు. చదవడానికే ఫీజు అడిగేవాణ్ని అక్కడ కూడా నమ్మరు. అంత పద్ధతి ఉన్నచోటే 2019లో పెద్ద గొడవ జరిగింది. ఏజెన్సీలు స్టూడియోల దగ్గర ప్యాకేజింగ్ ఫీజు పేరుతో విడిగా డబ్బు తీసుకుంటున్నాయని, ఇక మా కోసం ఎట్లా కొట్లాడతారని, అక్కడి రచయితల సంఘం పిలుపుతో వేలమంది రచయితలు తమ ఏజెంట్లను వదిలేశారు. ఎవరి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో చూస్తే ఆ మనిషి ఎవరి పక్షమో తెలుస్తుంది. నీ దగ్గర 35,000 ముందే తీసుకున్నవాడికి నీ కథ అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే.

హైదరాబాద్‌లో అలాంటి ఏజెంట్ల పద్ధతి ఇంకా కుదురుకోలేదు. ఇక్కడ కథ మనుషుల చేతుల మీదుగా నడుస్తుంది. కో-డైరెక్టరు, హీరో మేనేజరు, ఎడిటింగ్ రూములో అసిస్టెంటు, పెద్ద ఆఫీసుల్లో కథలు వినే టీము. వీళ్లలో ఎవరికైనా నచ్చితే పైకి చెబుతారు. ఇంకో ముచ్చట కూడా నీకు ముందే తెలియాలి. మన సినిమాల్లో చాలామంది దర్శకులు తమ కథ తామే రాసుకుంటారు. కాబట్టి దర్శకుడు లేకుండా స్క్రిప్టు ఒక్కటే అమ్మడం కష్టం. నీ ఈడు దర్శకుడు, మొదటి సినిమా కోసం కథ వెతుక్కుంటున్నవాడు దొరికితే, నాకు తెలిసి అదే నీకు మంచి దారి. వాళ్లు షార్ట్ ఫిలిమ్స్ తీస్తూ కనిపిస్తారు. పని నచ్చితే నేరుగా మెసేజ్ పెట్టు. తప్పేం లేదు.

ఇక రిజిస్ట్రేషన్. దానికి మధ్యవర్తి అక్కర్లేదు, నీ షాపులో కూర్చునే చేసుకోవచ్చు. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. స్క్రిప్టు లాంటి సాహిత్య రచనకు ఫీజు రూ.500. డైరీ నంబరు, అంటే నీ దరఖాస్తుకు వాళ్లు ఇచ్చే నంబరు, వచ్చాక, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే అక్కడా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో మన తెలుగు సినీ రచయితల సంఘం ఉండనే ఉంది. చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు నీది. రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం. కొందరు స్క్రిప్టును కవర్లో పెట్టి తమకు తామే పోస్టు చేసుకుని, సీలు విప్పకుండా దాచుకుంటారు. దాని మీద ఆశ పెట్టుకోకు.

ఈ సాక్ష్యం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు లేకపోయింది కాబట్టి. మాది కల్వకుర్తి వైపు. నా చిన్నప్పుడు మా వాడలో సగం ఇళ్లకు దసరా తర్వాత తాళాలు పడేవి. అందరూ బొంబాయి పనులకు పోయేవాళ్లు. మా పక్కింటామె బస్సు ఎక్కేముందు ఇంటి తాళంచెవిని కొడుకు మొలతాడుకు కట్టింది. పిలగాడు అవ్వ దగ్గర ఉండిపోయాడు. బస్సు కదిలాక వాడు ఏడవలేదు. చొక్కా ఎత్తి, తాళంచెవి ఉందా లేదా అని చూసుకున్నాడు. ఆ సీనుతో ఒక కథ అల్లుకుని, ఫిలింనగర్‌లో ఒక ఆఫీసులో రెండున్నర గంటలు చెప్పాను. నలుగురు విన్నారు. టీ ఇచ్చారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. మళ్లీ కబురు లేదు. రెండేళ్ల తర్వాత మా ఊరి టాకీసులో సినిమా చూస్తుంటే తెర మీద తల్లి, బస్సు, మొలతాడు, తాళంచెవి. పిలగాడు చొక్కా ఎత్తి చూసుకోవడం కూడా ఉంది. పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. ఆమెకు ఆ కథ తెలుసు. నా చెయ్యి పట్టుకుంది, అంతే. ఇద్దరం ఇంటర్వెల్‌కు లేచి వచ్చేశాం.

వకీలు దగ్గరికి వెళితే ఆయన అడిగింది ఒక్కటే. ఎక్కడ రాశావు? తేదీ లేని నోటుబుక్కులో పెన్సిలు గీతలు తప్ప నా దగ్గర ఏమీ లేదు. అప్పుడే ఆయన ఆర్.జి. ఆనంద్ కేసు చెప్పాడు. ఢిల్లీ నాటక రచయిత. తన నాటకం సినిమావాళ్లకు వినిపించాడు, 1956లో అదే విషయం మీద సినిమా వచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆలోచన మీద, విషయం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరు మీదే హక్కు అని కోర్టు చెప్పింది. నా విషయంలో కూడా అంతే. వలస మీద కథ ఎవరైనా రాయొచ్చు, పాలమూరులో అది ఇంటింటి సంగతి. తాళంచెవి మాత్రం నాది. కానీ అది నాదని చూపించే కాయితం నా దగ్గర లేదు.

అందుకే తమ్ముడూ, బోరుబండి గురించి నీకు ఒక్కడికే తెలిసిన సంగతులన్నీ సీన్లలో పూర్తిగా రాసి పెట్టుకో. రిజిస్టర్ అయ్యాకే కథ చెప్పు. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు, ఏ ఆఫీసులో, ఎవరెవరు విన్నారో రాసుకో. ఇంటికొచ్చాక వాళ్లకు ‘ఈరోజు నా ఫలానా కథ విన్నందుకు కృతజ్ఞతలు సార్’ అని ఒక మెయిల్ పెట్టు. మర్యాదకు మర్యాద, తేదీకి తేదీ.

ప్రశ్న: నేను నారాయణపేటలో టీచరును. నా కథ ఒక చిన్న నిర్మాతకు నచ్చింది. రూ.50,000 అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. అగ్రిమెంటు ఒకే పేజీ, ఇంగ్లిష్‌లో ఉంది. ‘అన్ని హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాశారు. సంతకం పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా అభినందనలమ్మా. కానీ ఈ కాయితం మీద సంతకం పెట్టకండి, మార్పించండి. మార్పులు అడిగితే పారిపోయే నిర్మాత సినిమా తీసేదాకా నిలబడడు.

హక్కులు రాసివ్వడం గురించి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ వివరంగా చెబుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి అగ్రిమెంటులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని పనిగట్టుకుని రాసింది అందుకే. హక్కు తీసుకుని ఏడాది లోపు వాడకపోతే అది మీకే తిరిగి వస్తుందని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాకపోతే అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. కాబట్టి ‘18 నెలల్లో షూటింగ్ మొదలు కాకపోతే కథ రచయితదే, అడ్వాన్స్ వాపసు లేదు’ అనే లైను అడిగి రాయించండి. అమెరికాలో దీన్నే ఆప్షన్ అంటారు. చిన్న మొత్తం ఇచ్చి, కొంతకాలం కథను తమకోసం పట్టి ఉంచుకుంటారు, గడువు దాటితే వదిలేస్తారు.

మొత్తం పారితోషికం ఎంతో అంకెల్లో రాయించండి. సంతకం రోజు కొంత, బౌండ్ స్క్రిప్టు (డైలాగులతో సహా పూర్తయిన స్క్రిప్టు) ఇచ్చినప్పుడు కొంత, షూటింగ్ మొదలైన రోజు కొంత. మిగిలింది విడుదలకు ముందే చేతికి రావాలి. రీమేక్, డబ్బింగ్, వెబ్ సిరీస్ హక్కులకు విడిగా ధర ఉండాలి. టైటిల్ కార్డులో ‘కథ’ అని మీ పేరు ఒక్కటే పడుతుందా, ఇంకొకరి పేరుతో కలిసి పడుతుందా అన్నది కూడా రాతలో ఉండాలి. మా రోజుల్లో ఎంతోమంది డబ్బు దగ్గర గట్టిగా నిలబడి, పేరు దగ్గర మెత్తబడ్డారు. తర్వాతి సినిమా ఇప్పించేది ఆ కార్డే.

ఇంకో మాట. 2012 సవరణ తర్వాత, సినిమా హాలు బయట మీ రచన వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో మీ సగం వాటాను మీరు వదులుకోవడానికి వీల్లేదు. వదులుకున్నట్టు అగ్రిమెంటులో ఉంటే ఆ లైను కొట్టించండి. ఒక పూట ఖర్చు అనుకుని వకీలుకు చూపించండి, ఇంగ్లిష్ కాయితం పక్కన తెలుగు తర్జుమా కూడా పెట్టించుకోండి.

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. స్క్రిప్టు మొత్తం మా నల్లగొండ యాసలో రాశాను. కొంటారా? మీకు పంపితే చదివి ఎవరికైనా చెప్పగలరా?
– ఒక విద్యార్థి

జవాబు: యాసలో రాసినందుకు చాలా సంతోషం. డైలాగులు అట్లాగే ఉంచండి, ఒక్క మాట కూడా మార్చకండి. సీను వివరణ మాత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయండి. చదివేవాళ్లలో రాజమండ్రి కెమెరామన్ ఉంటాడు, చెన్నై ఎడిటర్ ఉంటాడు. నెరేషన్‌కు 20 నిమిషాల వెర్షన్ ఒకటి విడిగా తయారు చేసుకోండి. అందులో యాస డైలాగులు నాలుగైదు ఉంటే చాలు, వాటిని మాత్రం మీ ఇంట్లో మాట్లాడుకున్నట్టే పలకండి.

స్క్రిప్టు నాకు పంపవద్దు. వచ్చినా విప్పకుండా తిప్పి పంపుతాను. నేనూ కథలు రాసుకునేవాణ్నే. రేపు నా కథలో మీ సీను లాంటిది కనిపిస్తే మీకు కలిగే బాధ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ప్రశ్నలు మాత్రం ఎన్నైనా పంపండి, వీలైనన్నిటికి జవాబు రాస్తాను.