బ్యాటరీ మీద రాసిన 2600ను నమ్మొచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తుంటాను. నా క్యానన్ కెమెరాతో వచ్చిన ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ మీద 7.2 వోల్టులు, 1800 ఎంఏహెచ్ అని ఉంది. అది పాతబడింది. షాపులో అదే సైజులో వేరే కంపెనీ బ్యాటరీ చూపించారు. దాని మీద 7.4 వోల్టులు, 2600 ఎంఏహెచ్ అని ఉంది. ధర ఒరిజినల్‌లో సగం కూడా లేదు. వోల్టేజీ ఎక్కువుంది కదా, కెమెరా కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వేసుకోవచ్చా?

జవాబు: 7.4 చూసి భయపడకండి. నా అనుమానమంతా ఆ 2600 మీదే.

మీ బ్యాటరీ లోపల రెండు లిథియం అయాన్ సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి, ఉంటాయి. ఒక్కో సెల్‌కు కొన్ని కంపెనీలు 3.6 వోల్టులని రాస్తాయి, కొన్ని 3.7 అని రాస్తాయి. రెండు సెల్స్ కలిస్తే 7.2 లేదా 7.4. సరుకు ఒకటే. నిజానికి ఫుల్ చార్జింగ్ ఎక్కాక ఒక్కో సెల్ 4.2 దాకా వెళ్తుంది, అంటే బ్యాటరీ మొత్తం 8.4. మీ చార్జర్ వెనక్కి తిప్పి చూడండి, అవుట్‌పుట్ దగ్గర 8.4 అనే ఉంటుంది. ఇన్నేళ్ళుగా మీ కెమెరా ఆ వోల్టేజీతోనే పని మొదలుపెడుతోంది. జేబులో పట్టే చిన్న కెమెరాల సంగతి వేరు. వాటిలో చాలావాటికి ఒకే సెల్, 3.6 లేదా 3.7. ఆ రకానిది దీంట్లో, దీనిది దాంట్లో ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక ఎంఏహెచ్. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఎంత ఎత్తున ఉందో అది వోల్టేజీ అనుకుంటే, అందులో ఎన్ని నీళ్ళు పడతాయో అది ఎంఏహెచ్. ఎక్కువుంటే కెమెరాకు చెడుపేమీ లేదు, ఎక్కువసేపు నడుస్తుంది. కానీ ట్యాంకు సైజు మారకుండా నీళ్ళు ఒకటిన్నర రెట్లు ఎట్లా పడతాయి? 2008లో 5డీ మార్క్ 2 కెమెరాతో వచ్చిన మీ రకం బ్యాటరీ 1800. 2020లో ఆర్5 కెమెరాతో పాటు అదే సైజులో క్యానన్ తెచ్చినది 2130. అంత పెద్ద కంపెనీకే ఆ కాస్త పెరగడానికి పన్నెండేళ్ళు పట్టింది. సగం ధరకు 2600 ఇస్తామంటే నేను నమ్మను.

ఒకసారి నమ్మాను కూడా. డోన్‌లో ఒక పెళ్ళి. తలంబ్రాలు మొదలయ్యేటప్పుడు స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు సగానికి పైగా నిండుగా చూపిస్తోంది. పెళ్ళికూతురు రెండో దోసిలి ఎత్తింది, కెమెరా ఆగిపోయింది. బ్యాగులోంచి ఇంకో బ్యాటరీ తీసి వేసేలోపు ఆ నవ్వులు అయిపోయాయి. ఆ ఫొటోలు ఆ ఇంటివాళ్ళ ఆల్బమ్‌లో ఈ రోజుకీ లేవు, నాకది ఇంకా బాధే. కర్నూలు వచ్చాక మా స్టూడియో పక్కనున్న బంగారు అంగట్లో రెండు బ్యాటరీలనూ కాటా మీద పెట్టించాను. ఒరిజినల్ 80 గ్రాములు తూగింది, ఆ కొత్తది 63. లోపల సరుకే తక్కువ.

అందుకే కొనేముందు చేత్తో తూచి చూడండి. కొన్నాక ఫుల్ చార్జింగ్ పెట్టి, ఆగిపోయేదాకా వీడియో నడిపి టైమ్ రాసుకోండి. అదే కెమెరాలో కొత్త 1800 బ్యాటరీ గంటన్నర వస్తే, నిజమైన 2600 రెండు గంటలు దాటి రావాలి. బ్యాటరీలో ఎంత మిగిలిందో కెమెరాకు చెప్పే చిప్ సరిగా లేకపోతే, బ్యాటరీని గుర్తుపట్టలేకపోతున్నానని స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. అట్లాంటిది ముహూర్తానికి పనికిరాదు. నా మాట వింటే ముహూర్తం దాకా ఒరిజినల్ వాడండి. రిసెప్షన్‌కు, స్పేర్‌కు మాత్రం 1800, 2000 అని ఒప్పుకునే అంకె రాసిన బయటి కంపెనీది బిల్లుతో కొనుక్కోండి. మే నెల ఎండలో కారులో వదిలేయొద్దు. ఏ బ్యాటరీ అయినా కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే పక్కన పెట్టేయండి.

ప్రశ్న: మాది కడప. కువైట్‌లో ఉన్న మా అన్న కెమెరాకు మూడు బ్యాటరీలు తెమ్మన్నాడు. సూట్‌కేసులో పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా, విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు. చేతి సంచిలో మీతోపాటే ఉండాలి. మామూలుగా ఒక్కో బ్యాటరీ 100 వాట్ అవర్స్ దాటకూడదు. వోల్టులను ఆంపియర్ అవర్స్‌తో గుణిస్తే ఆ లెక్క వస్తుంది: 7.2ను 1.8తో గుణిస్తే 13 కూడా రాదు, కాబట్టి ఇబ్బంది లేదు. బ్యాటరీతో వచ్చిన ప్లాస్టిక్ మూత ఉంటే పెట్టండి, లేకపోతే ఇత్తడి రంగులో మెరిసే ఆ పాయింట్ల మీద టేపు అతికించి, ఒక్కోదాన్ని వేరే కవర్లో వేయండి.