వాహన సంరక్షణ: రేడియేటర్ హోస్‌పైపులు, కూలెంట్ హీటర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా కారుకు 7 సంవత్సరాలు నిండాయి. రేడియేటర్ హోస్‌పైపులు నల్లగా, నున్నగా ఉన్నాయి, ఎక్కడా పగులు కనిపించదు. అయినా మెకానిక్ అన్నింటినీ మార్చాలంటున్నారు. అది నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. ఈ పైపుల విషయంలో కళ్లను నమ్ముకున్నవారు మోసపోతారు, ఎందుకంటే అవి చాలావరకు లోపలి నుంచే పాడవుతాయి. నేటి కార్లలో వీటిని ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో, మధ్యలో దారపు అల్లిక పొరను ఇమిడ్చి తయారుచేస్తారు. ఆ రబ్బరు వేడిని, గాలిలోని ఓజోన్‌ను బాగా తట్టుకుంటుంది కనుక పైపొర ఏళ్ల తరబడి కొత్తదానిలాగే కనిపిస్తుంది. లోపలి సంగతి వేరు. ఇంజిన్‌లో, రేడియేటర్‌లో ఉన్న అల్యూమినియం, ఇనుము వంటి వేర్వేరు లోహాల మధ్య విద్యుత్తును పోనిచ్చే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉండటంతో ఆ అమరిక అంతా ఒక బలహీనమైన బ్యాటరీలా పనిచేస్తుంది. దాని ప్రభావంతో పైపు లోగోడలో నిలువుగా సన్నని చీలికలు ఏర్పడతాయి, వాటిగుండా కూలెంట్ అల్లిక పొరను చేరి దాని బలాన్ని హరిస్తుంది, చివరికి ఇంజిన్ బాగా వేడెక్కి పీడనం పెరిగిన ఏదో ఒక రోజున పైపు ఉన్నట్టుండి చీలిపోతుంది. ఈ క్షయం ఎక్కువగా పైపు చివర్లలో, క్లిప్పు నుంచి 5 సెంటీమీటర్ల లోపే మొదలవుతుంది.

అందువల్ల పరీక్ష చేయవలసింది వేళ్లతో. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత బొటనవేలు, చూపుడువేలు మధ్య పైపును క్లిప్పు పక్కనే ఒకసారి, నడిమధ్యన ఒకసారి నొక్కి పోల్చి చూడండి. పిడికిలితో పిసికితే ఈ తేడా తెలియదు. చివర్లు నడుమ కంటే మెత్తగా ఉన్నా, లోపల గాడులు ఉన్నట్టు వేలికి తగిలినా ఆ పైపు ఆయుష్షు తీరినట్టే. నొక్కినప్పుడు బిరుసుగా ఉండి చిటపటలాడితే అది వేడికి ఎండిపోయినదని అర్థం. మెత్తబడి, ఉబ్బి, జిగటగా ఉంటే మాత్రం ఆయిల్ తగులుతోందన్నమాట. ఈపీడీఎం రబ్బరుకు ఆయిల్ పడదు. అటువంటప్పుడు ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో ముందు కనిపెట్టకుండా కొత్త పైపు వేస్తే దానికీ అదే గతి పడుతుంది.

కారుతో వచ్చిన పుస్తకంలో గడువు వేరుగా సూచించకపోతే, 4–5 సంవత్సరాలు దాటిన పైపులను అనుమానించడం మంచిది. ఒకటి మార్చడానికి ఎలాగూ కూలెంట్ తీసివేయాలి కనుక అన్నింటినీ ఒకేసారి మార్చమనే నేను కూడా చెబుతాను. పెద్ద పైపులు రెండింటినీ మార్చి, క్యాబిన్ హీటర్‌కు వెళ్లే సన్న పైపులను, వాటర్ పంపు దగ్గర దాగి ఉండే పొట్టి బైపాస్ పైపును మరచిపోయేవారే ఎక్కువ.

ప్రశ్న: కారు చల్లారాక చూస్తే రేడియేటర్ పైపు ఒకటి నొక్కినట్టు చప్పబడి ఉంటోంది. పైపు మార్చాలా?

జవాబు: ముందు రేడియేటర్ మూతను చూడండి. చల్లారే కొద్దీ కూలెంట్ పరిమాణం తగ్గుతుంది, ఆ మేరకు పక్కనున్న ట్యాంకు నుంచి కూలెంట్ వెనక్కి రావాలి. మూతలోని చిన్న వాల్వు పట్టేసినా, ట్యాంకుకు వెళ్లే సన్న గొట్టం పూడుకుపోయినా లోపల శూన్యం ఏర్పడి పైపు చప్పబడుతుంది. కొత్త మూత మీద ముద్రించిన పీడనం పాతదానితో సమానంగా ఉండాలి. ఎక్కువ పీడనం గల మూత ఇంజిన్‌ను ఎక్కువగా చల్లబరచదు, పాత పైపుల మీద భారం మాత్రం పెంచుతుంది. ఇంజిన్ వేగం పెంచినప్పుడు కింది పైపు చప్పబడుతుంటే అది వేరే లోపం. పంపు కూలెంట్‌ను పీల్చుకునేది ఆ పైపు నుంచే, కనుక కొన్ని కార్లలో దాని లోపల తీగచుట్ట ఉంటుంది. అది తుప్పుపట్టి పోయిందేమో చూడాలి.

ప్రశ్న: పై పైపును నేనే మార్చాను. పాతది లాగడమే గగనమైంది. ఇప్పుడు అతుకు దగ్గర చుక్కలు పడుతున్నాయి, టెంపరేచర్ ముల్లు ఒక్కసారి పైకి పోయి దిగుతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: ఒకటి కాదు, రెండు పొరపాట్లు జరిగి ఉండవచ్చు. పట్టుకుపోయిన పైపును ఎప్పుడూ లాగకూడదు. నేటి రేడియేటర్ల ట్యాంకులు ప్లాస్టిక్‌వి, వాటి మూతి ఏళ్ల వేడికి పెళుసుబారి ఉంటుంది. పైపు కోసం పెనుగులాడితే రేడియేటరే పోతుంది. పాత పైపు ఎలాగూ పారవేసేదే కనుక చివరను బ్లేడుతో నిలువుగా, మూతి మీద గాటు పడకుండా కోసి ఒలిచివేయాలి. తరువాత మూతిని శుభ్రంగా తుడిచి, కూలెంటుతో గానీ సబ్బునీటితో గానీ తడిపి కొత్త పైపును ఎక్కించాలి. గ్రీజు, ఆయిల్ పనికిరావు. క్లిప్పు మూతి అంచున ఉన్న గట్టును దాటి రేడియేటర్ వైపు కూర్చోవాలి. గట్టు మీదనే బిగిస్తే ఎంత తిప్పినా కారుతుంది, మీ చుక్కలకు కారణం బహుశా అదే. స్క్రూ క్లిప్పు కొత్త రబ్బరు అణిగేకొద్దీ వదులవుతుంది కనుక కొద్ది రోజుల తరువాత మళ్లీ బిగించాలి. స్ప్రింగు క్లిప్పుకు ఆ అవసరం లేదు, అది రబ్బరుతో పాటే సర్దుకుంటుంది.

ముల్లు ఎగిరిపడటానికి కారణం లోపల చిక్కుకున్న గాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, క్యాబిన్ హీటర్‌ను గరిష్ఠ వేడిలో పెట్టి, గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని సడలించి, కూలెంటును నెమ్మదిగా పోయండి. కూలెంట్ దారిని వేడిని బట్టి తెరిచే వాల్వు, అంటే థర్మోస్టాట్, దాదాపు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకున్న తరువాతే కూలెంట్ అంతటా తిరుగుతుంది, కనుక ఇంజిన్‌ను అంతవరకు నడిపి, చల్లార్చి, మట్టం మళ్లీ చూడాలి. వేడి మీద మూత విప్పడం ప్రాణాంతకం: కూలెంటూ నీరూ సమపాళ్లలో ఉన్న మిశ్రమం పీడనంలో దాదాపు 129 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది, మూత వదులైన క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తీసిన పాత కూలెంటును పళ్లెంలో తెరిచి ఉంచకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, పెంపుడు జంతువులు నోట పెట్టుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: చలికాలంలో మా దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు 25 డిగ్రీల దిగువకు పోతుంది. హోస్‌పైపులతో కలిపే ట్యాంకు రకం కూలెంట్ హీటర్ (బయలుదేరే ముందు కూలెంటును కరెంటుతో వేడిచేసేది) పెట్టించాను. రెండు హీటర్లు కాలిపోయాయి, దాని పై పైపు కట్టెలా బిరుసెక్కింది. హీటర్లే నాసిరకమా?

జవాబు: పైపు బిరుసెక్కిందని మీరు రాసిన ముక్క చూస్తే, తప్పు హీటర్లది కాదనిపిస్తోంది. 1940లలో అమెరికాలోని నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ రూపొందించి, 1949లో పేటెంట్ పొందిన హీటర్‌ను సిలిండర్ హెడ్ బోల్టు స్థానంలో బిగించేవారు; దానికి పైపులతో పనిలేదు. ట్యాంకు రకం అలా కాదు. పంపు లేని ఈ హీటర్లలో వేడెక్కిన కూలెంట్ తేలికై పైకి పోవడం, చల్లనిది కింది నుంచి రావడం అనే సహజ ప్రసరణ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకని హీటర్ ఇంజిన్‌లోని కింది కలయిక కంటే దిగువన ఉండాలి, దాని నోరు బాణం గుర్తు ప్రకారం పైకి చూడాలి, పై పైపు ఎక్కడా వంగి దిగకుండా ఏకధాటిగా ఎక్కాలి. మధ్యలో ఒక్క మెలిక ఉన్నా అక్కడ గాలి నిలిచి ప్రసరణ ఆగుతుంది. హీటర్‌లోని కొద్ది కూలెంటే మరిగి మరిగి పైపును ఉడికిస్తుంది, ఆవిరి చుట్టుకున్న తీగ కాలిపోతుంది.

హీటర్ పెట్టిన గంట తరువాత పైపులను జాగ్రత్తగా తాకి చూడండి. పైది వేడిగా, కిందిది గోరువెచ్చగా ఉంటే ప్రసరణ జరుగుతున్నట్టు. కిందిది మంచులా ఉండి హీటర్‌లో గుడగుడ శబ్దం వస్తుంటే వెంటనే ప్లగ్గు తీయండి. ముందు పైపుల దారి సరిచేసి, బిరుసెక్కినదాన్ని మార్చి, ఇంజిన్ నడిపి గాలంతా పోయాక మాత్రమే కొత్త హీటర్‌కు కరెంటు ఇవ్వండి. హోస్‌పైపులు మార్చిన ప్రతిసారీ ఇదే వరుస పాటించాలి. రాత్రంతా ఉంచనక్కరలేదు, బయలుదేరే ముందు 2 నుంచి 4 గంటలు సాధారణంగా చాలు, టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: హీటర్‌కు సిలికాన్ పైపులు వాడవచ్చా?

జవాబు: వాడవచ్చు, వేడికి అవి ఎక్కువ కాలం ఆగుతాయి. అయితే మామూలు స్క్రూ క్లిప్పు పళ్లు మెత్తని సిలికాన్‌ను కోసేస్తాయి కనుక లోపలి వైపు నున్నగా ఉండే పట్టీ గల క్లిప్పులే బిగించాలి. సిలికాన్ గోడగుండా నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది కాబట్టి, ఎక్కడా కారకపోయినా కూలెంట్ మట్టం మెల్లగా తగ్గుతుంటే కంగారుపడకండి. శుద్ధి చేసిన నీటితో భర్తీ చేయండి.