దుబాయ్‌లో 12,000 దిర్హాముల జీతం భార్యాబిడ్డలతో బతకడానికి సరిపోతుందా?

విజయవాడలో 85 వేలు వస్తున్నాయని, దుబాయ్ నుంచి 12,000 దిర్హాములకు ఆఫర్ వచ్చిందని, నవంబరు మొదట్లో చేరాలని, భార్యను, ఆరేళ్ళ పాపను వెంటనే తీసుకెళ్ళాలని ఉందని రాశారు. ఇంటి లోన్‌కి 18 వేలు, అమ్మానాన్నలకు 10 వేలు నెలనెలా పంపాలన్నారు. రూపాయల్లోకి మారిస్తే రెండు లక్షల ఎనభై వేలు కదా, ఇంకా ఆలోచించడం దేనికని బంధువులు అంటున్నారట. మా ఇంట్లోనూ 2017లో సరిగ్గా ఇదే మాట అన్నారు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లె. మా వారికి అప్పుడు 9,000 దిర్హాములకు ఉద్యోగం వచ్చింది. దిర్హాము పదిహేడు, పద్దెనిమిది రూపాయలు ఉన్న రోజులు. నెలకు లక్షన్నర దాటుతుందని ఇల్లంతా సంబరం. నేను నోట్‌బుక్‌లో లెక్క రాశాను: అద్దె 3,500, వెచ్చాలు 1,200, కరెంటు, ఫోన్లు, పాప స్కూలు, అన్నీ పోను 2,500 మిగులుతుందని తేలింది. ఇప్పుడు తీసి చూసినా ఆ లెక్కలో పెద్ద తప్పేమీ లేదు. నెలకు ఎంతవుతుందో సరిగానే రాశాను. ఏ ఖర్చు ఎప్పుడు కట్టాలో మాత్రం రాయలేదు.

అక్కడ ఇంటి అద్దె మనలాగా నెలనెలా ఇచ్చేది కాదు. ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసివ్వాలి. రెండు చెక్కులా, నాలుగా, ఆరా అన్నది ఓనరు ఇష్టం. మాకు నచ్చిన ఇంటికి ఏడాదికి 42,000, రెండు చెక్కులన్నారు. అంటే తాళం చెవి చేతికి రావాలంటే 21,000 కట్టాలి, దానికి తోడు డిపాజిట్, ఏజెంటు కమీషను. అప్పటికి మా వారికి వచ్చింది ఒకే ఒక్క జీతం. పైగా చెక్‌బుక్ లేదు. చెక్‌బుక్ రావాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి, ఖాతాకి ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) కావాలి, అది ఇంకా చేతికి రాలేదు. నేనూ పాపా అప్పటికే దిగిపోయాం. రెండు నెలలు ఫర్నిచర్ ఉన్న ఒక గదిలో ఎక్కువ అద్దె కట్టుకుంటూ ఉన్నాం. మా అమ్మ నా గాజులు తణుకులో తాకట్టు పెట్టి డబ్బు పంపింది. అదీ చాలలేదు. జూలైలో నేనూ పాపా తిరిగొచ్చేశాం. మళ్ళీ వెళ్ళింది ఏడు నెలల తర్వాత. ఆ ఏడు నెలలూ ఆయన దుబాయ్‌లోనే సత్వా అనే చోట బెడ్ స్పేస్‌లో, అంటే నలుగురితో పంచుకునే గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకుని ఉన్నారు. పాప ఫోన్‌లో నాన్న కనబడగానే అలిగి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. డబ్బు కష్టం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. మీకు ఆరేళ్ళ పాప ఉందని చదవగానే జవాబు రాయాలనిపించింది.

జీతం నెలనెలా వస్తుంది. అద్దె, స్కూలు ఫీజు, వీసా, ఇన్సూరెన్స్, ఊరికి టికెట్లు మాత్రం ఒక్కసారిగా వచ్చిపడతాయి. అందుకే లెక్క రెండుసార్లు వెయ్యాలి. ఒకటి నెలది, ఇంకొకటి మొదటి రోజుది.

ముందుగా నెలవారీ లెక్క. ఈ మధ్య మా తోడికోడలి వాళ్ళకి అల్ ఖుసైస్ వైపు ఇల్లు వెతికాం. సింగిల్ బెడ్‌రూమ్ ఏడాదికి 60,000 చుట్టుపక్కల చెప్పారు. అంటే నెలకు 5,000. దీని మీద దుబాయ్‌లో హౌసింగ్ ఫీజని ఒకటుంది. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా దీవా (అక్కడి కరెంటు, నీళ్ళ సంస్థ) బిల్లులో కలుపుతారు. మీకు నెలకు 250 పడుతుంది. చాలామందికి మొదటి బిల్లు చూసేదాకా ఇది తెలియదు. కరెంటు, నీళ్ళు కలిపి సగటున 500 వేసుకోండి. ఇల్లు చూసేటప్పుడు చిల్లర్ ఫ్రీనా కాదా అని తప్పకుండా అడగండి. చిల్లర్ ఫ్రీ అంటే ఏసీ చల్లదనం ఖర్చు ఓనరుదే. కాకపోతే దానికి వేరే బిల్లు వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏసీ ఆపే పనే ఉండదు. అద్దె నాలుగు వేలు తక్కువని చిల్లర్ లేని ఇల్లు తీసుకున్నవాళ్ళు ఆ నాలుగు నెలల్లోనే అంతా కట్టేయడం చూశాను.

ఇంటర్నెట్, రెండు ఫోన్లు 450. ముగ్గురికి వెచ్చాలు, కూరలు, పాలు 1,700. బియ్యం, పప్పు, గోంగూర, కరివేపాకు అన్నీ దొరుకుతాయి, తిండికి లోటుండదు. మెట్రో, బస్సులకు అన్ని జోన్లూ తిరిగే నెల పాస్ 350. పాప స్కూలుకి, మన సీబీఎస్‌ఈ స్కూళ్ళలో తక్కువ ఫీజు ఉన్నవాటిలో సీటు దొరికితే, ఏడాదికి 12,000, బస్సుకి 4,000, అంటే నెలకు 1,330. భార్య, పాప వీసాలకీ ఇన్సూరెన్స్‌కీ నెలకు 400 పక్కన పెట్టండి. మీ ఒక్కరి ఇన్సూరెన్స్ ఉద్యోగమిచ్చిన కంపెనీ ఇవ్వాల్సిందే, వాళ్ళిద్దరిదీ మీరే చూసుకోవాలి. ఏడాదికోసారి ముగ్గురూ ఊరికి రావడానికి నెలకు 375.

అంతా కలిపితే 10,355. మిగిలేది 1,645 దిర్హాములు, మన డబ్బులో 38 వేల పైచిలుకు. అందులో ఇంటికి పంపాల్సిన 28 వేలు తీస్తే 10 వేలు. బట్టలు, మందులు, పాప పుట్టినరోజు ఇంకా రాయనే లేదు. బంధువులు చెప్పిన రెండు లక్షల ఎనభై వేలు చివరికి వచ్చి ఇక్కడ ఆగుతుంది. విజయవాడలో మీకు నెలకు అన్నీ పోను 20 వేలు మిగులుతోందని మీరే రాశారు.

దుబాయ్ పక్కనే ఉన్న షార్జాలో ఉంటే అద్దె బాగా తగ్గుతుంది, నెలకు ఇంకో 1,500 దాకా మిగలొచ్చు. మేం తర్వాత నాలుగేళ్ళు అక్కడే, అల్ నహ్దాలో ఉన్నాం. కానీ మెట్రో షార్జాకి రాదు. పొద్దున ఇత్తిహాద్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో గంటా గంటన్నర, సాయంత్రం అంతే. మా వారు ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయేది. ఆఫీసు షార్జాకి దగ్గరైన దేరా, ఖుసైస్ వైపు అయితే షార్జా ఆలోచించండి. దుబాయ్‌కి ఆ చివరనున్న జెబెల్ అలీ వైపైతే వద్దంటాను.

ఇక మొదటి రోజు లెక్క. 60,000 అద్దెకి నాలుగు చెక్కులకు ఒప్పుకున్నారనుకుందాం. మొదటి చెక్కు 15,000. డిపాజిట్ 5 శాతం, 3,000. ఏజెంటుకి మరో 5 శాతం, వ్యాట్‌తో 3,150. దీవా డిపాజిట్ 2,000. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పొయ్యి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా 5,000. మొత్తం 28,150. ఇంట్లో పాలు పొంగించకముందే ఆరున్నర లక్షల రూపాయలన్నమాట. స్కూలు మొదటి టర్మ్, వీసాలు కలిపితే ఇంకో ఎనిమిది, తొమ్మిది వేల దిర్హాములు. ఈ డబ్బు మీ దగ్గర ఇప్పుడుందా? మీరు రాసినదాంట్లో ఆ సంగతి లేదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మాత్రం వెళ్ళకండి. అక్కడ మిగిలే 1,645లో ఆ వడ్డీ కట్టలేరు.

ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో చూశారా? 12,000లో బేసిక్ 5,000 వేసి మిగతాదంతా అలవెన్సుల కింద చూపించడం మామూలే. నెల జీతంలో తేడా ఉండదు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మాత్రం బేసిక్ మీదే. మొదటి అయిదేళ్ళు ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇస్తారు. 5,000 బేసిక్‌కి ఏడాదికి 3,500 వస్తే, 7,200కి 5,040 వస్తుంది. అయిదేళ్ళలో 7,700 తేడా. జీతం పెంచలేమన్న కంపెనీ కూడా దీనికి ఒప్పుకోవచ్చు, అడిగి చూడండి. వీసా ఖర్చు, ఉద్యోగం ఇప్పించిన ఖర్చు మీ దగ్గర వసూలు చేయకూడదని అక్కడి చట్టమే చెప్తుంది. ఎవరైనా అడిగితే అక్కడే ఆగండి.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ చెప్పరు. దుబాయ్‌లో జీతం మీద పన్ను లేదు, నిజమే. కానీ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే ఆ ఏడాదికి ఇక్కడ రెసిడెంటే. మీరు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఇక్కడే ఉంటారు కాబట్టి, మార్చి దాకా వచ్చే దుబాయ్ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. విజయవాడ జీతంతో కలిస్తే పన్ను లక్ష పైనే పడొచ్చు. బయల్దేరే ముందు ఆడిటర్ గారితో మాట్లాడి ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. వచ్చే ఏడాది నుంచి ఈ సమస్య ఉండదు.

ఆఫర్ వదులుకోమని నేననడం లేదు. నవంబరులో మీరు ఒక్కరే వెళ్ళండి. ఇద్దరు ఉండే షేరింగ్ గది, మెస్సు, మెట్రో పాస్ అన్నీ కలిపి 3,000లో గడుస్తుంది. ఇంటికి 28 వేలు పంపినా నెలకు 7,800 మిగులుతుంది. ఫిబ్రవరి చివరికి నాలుగు జీతాలు, 31,000 పైన. మొదటి జీతం వచ్చేదాకా గడవడానికీ, వీసాల ఖర్చుకీ ఇక్కడి నుంచి రెండు లక్షలు పట్టుకెళ్ళండి. ఈలోపు ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు ఖాతా, చెక్‌బుక్ అన్నీ వస్తాయి. ఏ ఏరియా ఆఫీసుకి దగ్గరో మీకే తెలుస్తుంది. అక్కడి ఇండియన్ స్కూళ్ళు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి, అప్పటికి వాళ్ళిద్దరినీ తీసుకెళ్తే పాపకి ఇక్కడి చదువు మధ్యలో ఆగదు. సీటుకి మాత్రం జనవరిలోనే తిరగండి. మ్యారేజ్ సర్టిఫికెట్ అటెస్టేషన్ ఇప్పుడే మొదలుపెట్టండి. రాష్ట్రంలో, తర్వాత మన విదేశాంగ శాఖలో, తర్వాత యూఏఈ ఎంబసీలో, చివరికి అక్కడి విదేశాంగ శాఖలో ముద్రలు పడాలి. మాకు ఒక్క స్పెల్లింగ్ తేడాతో మూడు వారాలు పోయాయి.

సంతకం పెట్టే ముందు కంపెనీకి ఒక మెయిల్ రాయండి. బేసిక్ ఎంత, భార్యాబిడ్డల ఇన్సూరెన్స్ ఇస్తారా, ఏడాదికోసారి టికెట్లు ముగ్గురికా లేక మీ ఒక్కరికేనా, హౌసింగ్ అలవెన్సు ఏడాదిది ముందుగా ఇచ్చి నెలనెలా జీతంలో పట్టుకుంటారా. చివరిది ఒప్పుకుంటే చెక్కుల టెన్షన్ సగం తీరిపోతుంది. ఏమన్నారో చెప్పండి, ఆ అంకెలతో మళ్ళీ లెక్క వేసి చూద్దాం.