చెవి మిషన్ మార్చాలా, ఇంప్లాంట్ చేయించాలా?

ప్రశ్న: మా నాన్నకి 68 ఏళ్లు. నాలుగేళ్లుగా హియరింగ్ ఎయిడ్స్ వాడుతున్నారు. ఈ మధ్య సౌండ్ వినపడుతోంది గానీ మాట తెలియట్లేదు అంటున్నారు. బ్లూటూత్ ఉన్న కొత్త మోడల్ కొనాలా, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలా? ఏది బెటర్?

జవాబు: ఈ 'ఏది బెటర్' ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, ఇవేమీ రెండు ఫోన్ మోడళ్లు కావండీ. ఎయిడ్ సౌండ్ పెంచి చెవిలోకి పంపుతుంది అంతే, అక్కడ్నుంచి పనంతా లోపలి చెవిలోని కాక్లియాలో ఉండే సన్నటి వెంట్రుక కణాలదే, అవి బాగా దెబ్బతింటే ఎంత వాల్యూమ్ పెట్టినా గోలే పెరుగుతుంది తప్ప మాట విడివిడిగా తెలీదు. ఇంప్లాంట్ ఆ కణాలతో పనిలేకుండా ఎలక్ట్రోడ్లతో నేరుగా నరానికి సిగ్నల్ ఇస్తుంది. కానీ ఆపరేషన్ ఉంటుంది, మిగిలున్న కాస్త వినికిడీ పోవచ్చు, మొదట్లో చాలామందికి మాటలు రోబో మాట్లాడినట్టుంటాయి, ఆ సిగ్నళ్లని మనిషికి తగ్గట్టు సర్దే మ్యాపింగ్‌కి నెలల తరబడి తిరగాలి. మీ నాన్నగారు చెప్పిన ఆ ఒక్క మాట వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్‌కి చెప్పి, మిషన్ పెట్టుకుని చేసే స్పీచ్ టెస్ట్ చేయించండి. గులిమి అడ్డుపడినా, సెట్టింగ్ పాతదైనా ఇలాగే ఉంటుంది, ముందు అది చూపించండి.

నా భయం మాత్రం యాప్ గురించి. ఇప్పుడు ఎయిడ్స్‌కీ, ఇంప్లాంట్‌కి సౌండ్ అందించడానికి బయట తగిలించుకునే ప్రాసెసర్లకీ కూడా ఫోన్ యాప్ ఇస్తున్నారు. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ డివైజ్ వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ ఇవ్వాల్సిందే, 12 నుంచి 'నియర్‌బై డివైజెస్' అని విడిగా పెట్టారు, ఇంతవరకు ఓకే. చెవి మిషన్‌కి ఎస్ఎంఎస్‌లతో ఏం పని? అది అడిగితే ఇవ్వకండి. "సర్వీస్ సెంటర్ నుంచి, అప్‌డేట్ పంపాం" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించేది) వస్తే అస్సలు ముట్టుకోవద్దు. సరిగ్గా వినపడని పెద్దవాళ్లు అవతలి మనిషిని మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి "సరే బాబూ, సరే" అనేస్తారు, మోసగాడికి ఆ సరే చాలు, ఆ ఫైల్ ఇన్‌స్టాల్ అయ్యి పర్మిషన్ దొరికిందంటే ఓటీపీలన్నీ వాడికే.

అసలు మిషన్ మీద బటన్ తీసేసి అంతా యాప్‌లో పెట్టినవాళ్లని అడగాలి. మొన్న పెళ్లిలో భజంత్రీలు మొదలవగానే మా పెద్దమ్మ వాల్యూమ్ తగ్గిద్దామని ఫోన్ తీసింది, లాక్ తీసి యాప్ తెరిస్తే 'కనెక్టింగ్' అని గుండ్రంగా తిరుగుతూనే ఉంది, రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టేసింది. తలంబ్రాలప్పుడు అందరూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకి తెలీదు. మీరు ఏది కొన్నా సరే, ఫోన్ పక్కన పెట్టేసి మిషన్ మీదే వాల్యూమ్ మార్చమని నాన్నగారికే ఇచ్చి చూడండి, ఆయన వేళ్లకి అందితేనే డబ్బులు కట్టండి.