స్లీవ్ ఆపరేషన్ తర్వాత చవకగా దొరికే విటమిన్లు

స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గేందుకు జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే శస్త్రచికిత్స) అయిన మీ అక్కగారికి రాసిచ్చిన ప్రత్యేక మల్టీవిటమిన్ ఖర్చు భరించలేకపోతున్నామని, దాని బదులు మామూలు బి-కాంప్లెక్స్ సరిపోతుందా అని అడిగారు. అదొక్కటే చాలదు, అందులో సాధారణంగా ఇనుము ఉండదు, బి12 కూడా కొద్దిగానే ఉంటుంది.

ధర కన్నా ముందు డబ్బా వెనక చిన్న అక్షరాల పట్టిక చదవండి. రోజుకు బి12 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, థయమిన్ (విటమిన్ బి1) కనీసం 12 మిల్లీగ్రాములు, ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు అందాలని అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) శస్త్రవైద్యుల సంఘం సూచిస్తుంది. ఇవన్నీ ఒకే మాత్రలో ఉండాలన్న నియమమేమీ లేదు కనుక, జన ఔషధి కేంద్రంలో దొరికే జెనరిక్ మాత్రలతో విడివిడిగా సమకూర్చుకోవచ్చునేమో సర్జన్‌నో డైటీషియన్‌నో అడగండి. ఇనుము విషయంలో మాత్రం లెక్క జాగ్రత్త: ఫెర్రస్ ఫ్యూమరేట్ అనే ఇనుము లవణం 200 మిల్లీగ్రాములున్న మాత్రలో అసలు ఇనుము దాదాపు 65 మిల్లీగ్రాములే.

కాల్షియం కార్బొనేట్ చవకే గాని, దానికి కడుపులో ఆమ్లం కావాలి; కాల్షియం సిట్రేట్‌కు ఆ ఇబ్బంది తక్కువ. ఏదైనా సరే, ఇనుముకు రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. పిల్లల విటమిన్ గమ్మీల, అంటే నమిలే జెల్లీ బిళ్లల, జోలికి (రుచి బాగుంటుందని చాలామంది కొంటారు) వెళ్లవద్దు, వాటిలో ఇనుము సాధారణంగా ఉండదు. వాంతులు ఆగకుండా అవుతుంటే థయమిన్ వేగంగా పడిపోతుంది కాబట్టి, మాత్రలు మార్చి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.