ఊఁ అన్న మాటకు ఎన్ని అర్థాలు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. సూరత్‌లో మరమగ్గం మీద పనిచేసే భర్త, కాశీనగర్‌లో అత్తగారి పక్కగదిలో పడుకునే భార్య, వాళ్లిద్దరి మధ్య రాత్రిపూట ఫోనులో సాగే దాంపత్యం. ఒడిశాలోని మన గంజాం, గజపతి జిల్లాల్లో ఈ బతుకు లేని వీధి లేకపోయినా దీన్ని కథగా రాయడానికి కూర్చున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. బరంపురంలో రైలెక్కిన మనిషి గురించి రాసేవాళ్లంతా అతను పంపే డబ్బు దగ్గరా, తెచ్చుకునే జబ్బు దగ్గరా ఆగిపోతారు. నువ్వు అక్కడ ఆగనందుకు సంతోషించాను. అయినా ఈ కథను ఇలాగే అచ్చుకు పంపవద్దు.

రెండో పేజీలో భర్త అడుగుతాడు, ఆమె "ఊఁ" అంటుంది, ఆ మీదట నువ్వు పేజీన్నర వర్ణన చేశావు. ఆ ఊఁకారం ఇష్టమేనని నీకెలా తెలిసింది? మన భాషలో ఆ ఒక్క ధ్వని వింటున్నానని చెప్పడానికీ, నిద్ర ముంచుకొస్తోందని చెప్పడానికీ, గోడవతల అత్తగారు మేలుకునే ఉన్నారని హెచ్చరించడానికీ, కాదంటే మూడు రోజులు ఫోను చెయ్యడన్న భయాన్ని దాచుకోవడానికీ ఒకేలా పనికొస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే మొహం చూసి పోల్చుకుంటాం. ఫోనులో మొహం కనిపించదు కాబట్టి అడగాలి, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి. నీ భర్త పాత్ర చేత "ఒక్కదానివే ఉన్నావా?" అని ముందు అడిగించు, "మాట్లాడుకుందామా, పడుకుంటావా?" అని తరవాత అడిగించు. నిన్న ఔనంది కదా అని ఇవాళ అడగడం మానేసే మగవాడు కథలోనైనా నాకు నచ్చడు. ఒక రాత్రి ఆమె మాటల మధ్యలో "ఇక చాలు" అంటుంది. అతను అలగకుండా, గొంతు మార్చకుండా, పిల్లాడి దగ్గు తగ్గిందా అని అడిగి, ఆ కబుర్లే పది నిమిషాలు చెప్పి పెట్టేస్తాడు. నన్నడిగితే నీ కథలో శృంగారం ఉండవలసిన చోటు అదే. అతని వైపు నుంచి కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉండాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన మగవాడికి మాట్లాడే ఓపిక లేకపోవచ్చునన్న ఆలోచన నీకు తట్టినట్టు లేదు.

ఇంతకూ అతను ఏ గదిలో నిలబడి మాట్లాడుతున్నాడు? నువ్వు "తన గదిలో" అని రాశావు. సూరత్‌లో మనవాళ్లు ఉండే మెస్సుల్లో తన గది అంటూ ఎవరికీ ఉండదు. ఒక హాల్లో పదుల మంది పడుకుంటారు, పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు వాలతాడు, ఛార్జింగు బోర్డు దగ్గర ఫోన్లు వరసగా వేలాడుతుంటాయి. కాబట్టి అతను మేడ మీది నీళ్లట్యాంకు పక్కకో, వీధి చివరికో వెళ్లవలసి ఉంటుంది. ఆమె పరిస్థితి ఇంకా కష్టం. భాష మార్చి దాచుకుందామంటే మన ఊళ్లలో ఒడియా రాని అత్తగారు లేరు, తెలుగు రాని పొరుగింటివాళ్లు లేరు, ఇక పిల్లలకు సినిమాల పుణ్యమా అని హిందీ కూడా వచ్చేసింది. ఆమె కోసం ఒక గుర్తుమాట కల్పించు. "ఇక్కడ కరెంటు లేదు" అంటే గదిలో ఎవరో ఉన్నారని అతనికి తెలిసిపోవాలి. భర్త దూరదేశం వెళ్లగా ప్రోషితభర్తృక అని లాక్షణికులు పేరుపెట్టిన నాయికకు చెలికత్తెలైనా ఉండేవారు. నీ నాయికకు మిగిలింది తలుపు గడియ ఒక్కటే.

ఫొటో సంగతికి వస్తాను. అతను అడుగుతాడు, ఆమె పంపుతుంది, అది మెస్సులో ఎవడి చేతికో చిక్కుతుంది, ఆమె మహేంద్రతనయ నదిలో దూకుతుంది. ఇందులో మొదటి మూడింటినీ నమ్ముతాను. దారిలో ఎవరూ చదవకుండా వాట్సాప్ సందేశాలకు గుప్తలేఖనం ఉన్నమాట నిజమేగాని, అది కాపాడేది దారినే, చేరిన చోటును కాదు. ఒక్కసారి చూస్తే మాయమయ్యే ఫొటోను కూడా పక్కవాడు ఇంకో ఫోనుతో తీసుకోగలడు, తాళం లేని ఫోను గ్యాలరీని ఎవడైనా తెరవగలడు. అందుకే తెలిసిన ఆడవాళ్లు మొహం పడకుండా జాగ్రత్తపడతారు, లేదా గొంతుతోనే సరిపెడతారు. నేను ఒప్పుకోనిది ఆ నది. ఫొటో తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన దాన్ని మరొకరికి చూపడానికి ఒప్పుకున్నట్టు కాదని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనులోనే రాసి ఉంది. ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇలాంటి ఫిర్యాదు ఇవ్వవచ్చు. నీ నాయికకు ఇవేవీ తెలియకపోవచ్చు. రాసేవాడివి నీకు తెలిసి ఉండాలి. ఆమె ఏ తప్పూ చెయ్యనప్పుడు శిక్ష ఆమెకే ఎందుకు వేశావు? దొంగచాటు రికార్డింగు సంగతి వేరు. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చునని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క వాక్యంలో నీకు మరో కథ ఉంది.

ఇక అసలు సంగతి. ఆ సంభాషణ మీ వీధి వదిన ఎవరో చెప్పుకుంటుంటే విన్నానని ఉత్తరంలో రాశావు. ఆవిడకు చెప్పే రాశావా?

1990లలో నేను ఈ ఊరి బజారులో ఒక ఎస్టీడీ బూత్‌లో రెండేళ్లు కూర్చున్నాను. అద్దాల తలుపు సరిగా పడేది కాదు, ఎర్రంకెల మీటరు చూస్తూ కూర్చోవడం నా పని. ఒకావిడ వారానికోసారి, రాత్రి రేటు తగ్గాక వచ్చేది. అవతల మెస్సు కింద దుకాణంలో భర్త కాచుకుని ఉండేవాడు. ఆవిడ ఒక రాత్రి అన్న మాట నన్ను ఎంత పట్టుకుందంటే, పేరూ ఊరూ మార్చి, ఆ మాటను మాత్రం ఉన్నదున్నట్టు కథలో పెట్టి ఒక పత్రికకు పంపాను. అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. రెండు వారాల తరవాత ఆవిడ వచ్చి, పాత బాకీ ఏడు రూపాయలు చిల్లరతో సహా బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఆ తరవాత ఫోను కోసం పాతపట్నం వెళ్లేదని విన్నాను. ఆ మాట ఏమిటో నీకు కూడా చెప్పను.

జనం నోటి మాటకు విలువ కట్టమని గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి పోరాడారు. జనం మాట్లాడినట్టు రాయమన్నారు గాని, గడియ వేసుకుని మాట్లాడుకున్నది ఎత్తి రాయమని ఆయన ఉద్దేశం కాదనే నా నమ్మకం. వదిన దగ్గరికి వెళ్లి కథ చదివి వినిపించు. వద్దంటే ఆ సంభాషణ కొట్టేసి నీ సొంతంగా కల్పించు. కల్పించలేకపోతే తలుపు దగ్గరే కథ ఆపు.

మార్జిన్లలో పెన్సిలు గుర్తులు పెట్టి రాతప్రతి తిరిగి పంపుతున్నాను. దసరాకు వస్తానన్నావు కాబట్టి ఒక్క చోటు మాత్రం అప్పటికి రాసి తీసుకురా: మాటలు అయిపోయాయి, ఫోను వేడిగా ఉంది, గడియ చప్పుడు కాకుండా తీసి ఆమె నీళ్లు తాగడానికి అత్తగారి మంచం పక్కనుంచే వెళ్లాలి.